భూతద్దం పుచ్చుకున్న మొగుడు

నెల వెచ్చాలు తెచ్చే పని నా చేతిలో పెట్టడం మా ఆవిడ తన సంసార జీవితంలో చేసిన అతి పెద్ద సాహసం. బ్యాంకులో ఉద్యోగమంతా అప్పు కాయితాలు చదివిన కళ్లు నావి. అసలు సంగతి ఎప్పుడూ ఆఖరి పేజీలో, అడుగున, కంటికానని అక్షరాల్లో ఉంటుందని ఆ కొలువు నేర్పింది. రిటైరయ్యాక ఆ విద్య తుప్పు పట్టకూడదని బిస్కట్ పాకెట్ల మీదికి మళ్లించాను. మా మనవడి సైన్సు కిట్టులోంచి ఒక భూతద్దం సంపాదించి చొక్కా జేబులో వేసుకున్నాను. అది పోయిందని వాడు ఏడుస్తుంటే ఇల్లంతా వెతికినవాళ్లలో నేనూ ఉన్నాను.

విశాఖపట్నంలో మా వీధి చివర ఉన్న సూపర్‌మార్కెట్లో కుర్రాళ్లు నాకు 'లెన్సు సార్' అని పేరు పెట్టారు. నేను గుమ్మంలో కనపడగానే బిస్కట్ల వరుసలో ఉన్న కుర్రాడు పప్పుల వరుసలోకి బదిలీ చేయించుకునేవాడు. పప్పుల మీద చదవడానికి పెద్దగా ఏమీ ఉండదు కదా.

నేను బి.కాం. మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు టీచరు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఎవరికి రసాయన శాస్త్రం చెప్పాలో ఎవరికైనా తెలిసిపోతుంది. మా ఇంట్లో నేను చెప్పేవాణ్ణి.

నా పాఠాలకి ఆధారం పెన్షనర్ల వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఒక జాబితా. ఎమల్సిఫైయరు, స్టెబిలైజరు, అసిడిటీ రెగ్యులేటరు అని రాసి పక్కన వేసే అంకెలున్నాయే, వాటిలో ఏ అంకె ఏ రోగమో అందులో వివరంగా ఉంది. ఫలానాది కిడ్నీకి, ఫలానాది గుండెకి. అన్నిటికన్నా ప్రమాదం 330 అని ఎర్రక్షరాల్లో. నాకు తెలిసిన గ్రూపులన్నిటికీ దాన్ని పంపించి, ఆపైన వంటింటి మీద పడ్డాను. స్క్వాష్ సీసాలో 330. జామ్‌లో 330. సూప్ పొట్లంలో 330. మనవడి జెల్లీ మిఠాయిల్లో 330. అన్నీ ఒక సంచిలో కుక్కి ఎండలో వీధి చివరి చెత్తబండి దాకా మోసుకెళ్లి వచ్చాను. వగరుస్తూ వచ్చిన నాకు మా ఆవిడ గ్లాసుడు నిమ్మకాయ నీళ్లిచ్చింది. గటగటా తాగి, "అదీ! తాగితే ఇలాంటివి తాగాలి" అన్నాను.

"మీరిప్పుడు తాగిందే 330" అంది.

సిట్రిక్ ఆమ్లం. నిమ్మకాయలో పులుపు. ఇంకొంచెం తవ్వితే తేలిందేమిటంటే, ఆ జాబితా మా గ్రూపుకి కొత్త గానీ లోకానికి కాదు. 1976లో ఫ్రాన్సులో పుట్టింది. పారిస్ పక్కన విల్‌జ్విఫ్ అనే ఊళ్లో పేరున్న కాన్సరు ఆసుపత్రి ఉంది. దాని పేరు తగిలించుకుని చేతినుంచి చేతికి కాయితాల మీద తిరిగింది. అందులోనూ 330దే అగ్రస్థానం. మాకూ దానికీ సంబంధం లేదు మొర్రో అని ఆసుపత్రివాళ్లు ఎంత మొత్తుకున్నా ఏళ్ల తరబడి ఆగలేదు. టీచర్లూ డాక్టర్లూ కూడా పంచారు. పాపం ఆ ఫ్రెంచివాళ్లు ప్రతి కాపీకీ డబ్బులు పెట్టుకుని మరీ భయపడ్డారు. మనకి ఆ ఖర్చు కూడా లేదు.

నిమ్మకాయ నీళ్లతో ఓడిపోయే ఘటాన్ని కాను నేను. బజార్లో అమ్మే సిట్రిక్ ఆమ్లం నిమ్మకాయల్లోంచి రాదనీ, ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్ల బూజుకి చక్కెర నీళ్లు మేపి దానిచేత తయారు చేయిస్తారనీ, 1917లో జేమ్స్ కరీ అనే ఆయన ఈ దారి చూపించాడనీ కనిపెట్టాను. "బూజుతో చేస్తారుట! బూజుతో!" అని వంటింటి గుమ్మంలో నిలబడి ప్రకటించాను. మా ఆవిడ ఇడ్లీపిండి గిన్నె మీద మూత తీసి, రాత్రికి రాత్రి పొంగిన పిండిని నాకు చూపించి, మళ్లీ మూత పెట్టింది. ఒక్క మాట అనలేదు. ఏళ్ల తరబడి ఎనిమిదో తరగతికి పాఠం చెప్పినవాళ్లకి మాటలు పొదుపుగా వాడటం వస్తుంది.

తర్వాతి దాడి ఉప్పు మీద జరిగింది. అయోడిన్ ఉప్పు పాకెట్ వెనక 536 అని ఉంది. అదేమిటా అని చూస్తే పొటాషియం ఫెర్రోసైనైడ్. అంత పొడుగు పేరులో నా కళ్లకి 'సైనైడ్' ఒక్కటే ఆనింది. కట్టుకున్న భార్యని పట్టుకుని "నాకు సైనైడ్ పెడుతున్నావా?" అని అడిగిన మగాడు మా వంశంలో నేనే మొదటివాణ్ణి. డబ్బాలో ఉప్పంతా సింకులో పోసేసి కళ్లుప్పు తెచ్చాను. ఆ రాత్రి ఆవిడ ఒక తెల్లకాయితం, పెన్నూ నా ముందు పెట్టి, "లెక్కలు మీకు వచ్చుగా. నేను చెబుతాను, మీరు వెయ్యండి" అంది.

ముందు ఈ హద్దులు ఎలా పుడతాయో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థా, ఆహార వ్యవసాయ సంస్థా కలిసి నడిపే నిపుణుల సంఘం ఒకటుంది, జెక్ఫా అంటారు. 1956 నుంచీ దాని పని ఇదే. ఒక పదార్థాన్ని జంతువులకి రకరకాల మోతాదుల్లో దీర్ఘకాలం పెట్టి చూసిన పరీక్షలన్నీ తెప్పించుకుంటుంది. ఏ హానీ కనపడని అతి పెద్ద మోతాదు ఎంతో తేల్చి, దాన్ని మామూలుగా వందతో భాగిస్తుంది. ఎలుకకీ మనిషికీ తేడా ఉండొచ్చని ఒక పది, మనిషికీ మనిషికీ తేడా ఉండొచ్చని ఇంకో పది. కిలో శరీర బరువుకి రోజుకి ఇంత అని అలా తేలుతుంది. జీవితాంతం రోజూ తిన్నా ఫరవాలేదనే మోతాదు అది. ఈ మాట వినగానే నాలోని బ్యాంకువాడు లేచి కూర్చున్నాడు. కోటి రూపాయల ఇల్లు తాకట్టు పెడితే లక్ష అప్పిచ్చే మేనేజరు ఒకాయన మా బ్రాంచిలో ఉండేవాడు. ఆయన హయాంలో మొండిబాకీ అన్నమాట వినపడలేదు. ఖాతాదార్లు కూడా పెద్దగా కనపడలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇక లెక్క. ఉప్పులో ఫెర్రోసైనైడ్ కిలోకి 10 మిల్లీగ్రాములు మించకూడదని మన నియమం. మనిషికి రోజువారీ హద్దు కిలో బరువుకి 0.025 మిల్లీగ్రాములు. నా బరువు 72 కిలోలు. మా ఆవిడ 78 అంటుంది గానీ పెన్ను నా చేతిలో ఉంది. 72 పెట్టి 0.025ని గుణిస్తే 1.8 మిల్లీగ్రాములు. అంత నా ఒంట్లోకి చేరాలంటే నేను రోజుకి 180 గ్రాముల ఉప్పు తినాలి.

"తిన్నాననుకో?"

"సైనైడ్ దాకా వెళ్లనక్కర్లేదు. దారిలోనే ఉప్పు ఆ పని పూర్తి చేస్తుంది."

పైగా అది ఇనుముని గట్టిగా పట్టుకుని ఉండే రకమట. కడుపులో విడిపోయి మనిషిని చంపే సైనైడ్ కాదు. ఉప్పు గడ్డకట్టకుండా చూడటం వరకే దాని ఉద్యోగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మొత్తం ఉప్పే రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలని. రక్తపోటు మాత్ర వేసుకుంటూ, మూడు పూటలా ఆవకాయ కలుపుకునే నేను ఆ 5 గ్రాములు పొద్దున్న ఇడ్లీల దగ్గరే దాటేస్తానేమో. 'ప్రిజర్వేటివ్ లేని పచ్చడి' అని మా వంశం గర్వంగా చెప్పుకునే ఆ ఆవకాయని ఏడాది పొడుగునా చెడకుండా నిలబెట్టేది ప్రధానంగా ఉప్పే. దానికి పాకెట్ లేదు, వెనక నంబరు లేదు, అందుకని నాకు భయమూ లేదు. నేను తెచ్చిన కళ్లుప్పులో అయోడిన్ కూడా లేదని తేలింది. మా ఆవిడ దాంతో నిమ్మకాయలు ఊరవేసింది.

ఆ తర్వాతి ఆదివారం పులిహోర చేసింది. గిన్నె మీద ఒక కాయితం అతికించి ఉంది. గుండ్రటి టీచరు దస్తూరీ. 'రంగు (100), ఆమ్లత్వాన్ని సరిచేసేది (334), జిగురు (414), గడ్డకట్టనివ్వనిది (536).' నేను ముట్టుకోనని చెప్పి హాల్లో కూర్చున్నాను. పోపు వాసనకి ఎక్కువసేపు కూర్చోలేకపోయాను. పసుపులోని కర్క్యుమిన్‌కి 100వ నంబరు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికి 334. ఉప్పు సంగతి ఇప్పటికే తెలిసింది. కుంకుడుకాయంత ఇంగువ విషయంలో మాత్రం నేను ఎదురు తిరిగాను. మా ఇంగువ స్వచ్ఛమైనది, మా అమ్మ కాలం నుంచీ అదే డబ్బా. "మీ భూతద్దం ఏదీ?" అంది. చదివాను. కలిపిన ఇంగువ. మైదా, గమ్ అరబిక్, ఆ తర్వాత ఇంగువ. నిజానికి అచ్చమైన ఇంగువ ఎంత ఘాటంటే ఏదో ఒకదాంట్లో కలపకపోతే వంటలో వాడటం కష్టం. కానీ ఇన్నాళ్లూ ఆ డబ్బాని తిప్పి చూడాలని నాకు తోచకపోవడమే వింత. మన అమ్మ వాడిందంటే భూతద్దం జేబులోనే ఉండిపోతుంది.

పసుపుకీ హద్దుందని తెలిశాక మటుకు నాకు కొంచెం ఉత్సాహం వచ్చింది. కర్క్యుమిన్ కిలో బరువుకి 3 మిల్లీగ్రాములు. పసుపులో అది నూటికి మూడు పాళ్లనుకుంటే నాకు రోజుకి సుమారు ఏడు గ్రాముల పసుపు. జలుబు చేసినప్పుడల్లా మా అత్తగారు పాలలో కలిపి బలవంతంగా పట్టించేది ఎంతో తూచి చూద్దామనుకున్నాను. అల్లుడి మర్యాద అడ్డొచ్చింది. చిప్సు పాకెట్లో సగం గాలే అని తిట్టుకుంటామా, ఆ గాలికి కూడా నంబరుంది: 941, నత్రజని. ఆఖరికి ఆక్సిజన్‌కి కూడా 948.

ఇంతవరకూ చదివినవాళ్లకి నామీద జాలి కలిగి ఉంటుంది. కొంత దాచుకోండి, లడ్డూల కథ చెబుతాను.

పాకెట్ల మీద యుద్ధం ప్రకటించాక మరి తినడానికేం తెచ్చేవాణ్ణి? విడిగా అమ్మేవి. పళ్లెంలో గుట్టపోసిన బూందీ లడ్డూ, విడి పసుపు, విడి కారం, దిమ్మ బెల్లం. నా తర్కం ఇది: లేబులే లేదు, ఇంక మందులెక్కడివి? అనకాపల్లి కూతవేటు దూరంలో ఉన్నవాళ్లకి బెల్లం గురించి ఒకరు చెప్పాలా అని, నిమ్మపండు ఛాయలో ధగధగలాడే దిమ్మలు ఏరి తెచ్చేవాణ్ణి. చెరకురసం కాగి దగ్గరపడితే వచ్చే రంగు ముదురు గోధుమ వన్నె. పచ్చగా తేలాలని కొందరు పాకంలో హైడ్రోస్ వేస్తారు. అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. ఎందుకు వేస్తారంటే నాలాంటి జ్ఞానులు పచ్చగా ఉన్నదానికే పైసా ఎక్కువ పెడతారు కనక. నల్ల బెల్లం పాపం చేసిన నేరమేమీ లేదు. పైపెచ్చు నాటుసారా బట్టీల పేరు దానికి అంటుకుని బజార్లో తలెత్తుకోలేకపోతోంది.

లడ్డూలు నాకు బాగా తెలిసిన దుకాణంలోవి. బంగారం రంగు. ఒకరోజు మా ఆవిడ స్కూలు లాబ్‌నుంచి చిన్న సీసాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం తెచ్చింది. ఒక లడ్డూ చిదిమి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పైన తేరిన పచ్చనీళ్లు గాజుగ్లాసులో వంపి, ఆమ్లం చుక్కలు వేసింది. నీళ్లు గులాబీ రంగుకి తిరిగాయి. అప్పటికి నేను కూడా కొంత చదువుకున్నవాణ్ణే. "పసుపు కూడా ఆమ్లంలో అలాగే ఎరుపెక్కుతుంది. పసుపు వేసి ఉంటాడు" అని దుకాణదారు తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. ఆవిడ గ్లాసునిండా నీళ్లు పోసింది. పసుపయితే ఆ గులాబీ చెదిరిపోవాలి. పోలేదు. గ్లాసెడు గులాబీ రంగు మా భోజనాల బల్ల మీద అలాగే కూర్చుంది.

మెటానిల్ యెల్లో. బట్టలకీ తోళ్లకీ వేసే రంగు. మన దేశంలో తిండిలో వేయడానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది. ఇది వాటిలో లేదు. నేను భూతద్దం అరగదీసి వెతికినా దొరకదు, ఎందుకంటే దానికి నంబరే లేదు. నంబరున్న ప్రతిదాన్నీ ఎవరో ఎక్కడో కూర్చోబెట్టి నువ్వెవరు, ఏం చేస్తావు, ఎంతవరకు చేస్తావు అని అడిగారు. దీన్ని ఎవరూ అడగలేదు. దుకాణంవాణ్ణి నేనూ అడగలేదు. పైగా "రంగు బాగుందోయ్" అని మెచ్చుకుని వచ్చాను.

దీని తోబుట్టువే రోడమిన్-బి. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది దీనివల్లే. మరుసటి నెలలో కర్ణాటక రంగేసిన పీచుమిఠాయినీ, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులనీ నిషేధించింది. అనుమతి ఉన్న రంగులతోనూ చిక్కు లేకపోలేదు. వాటికి చాలా పదార్థాల్లో కిలోకి 100 మిల్లీగ్రాముల హద్దుంది. ఆ హద్దు తూకంరాయికి తెలుస్తుంది గానీ వంటవాడి వేళ్లకి తెలియదు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, నగరంలో కొందరు టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో, ఎరిత్రోసిన్‌లను రోజువారీ హద్దు దాటి తింటున్నారని తేలింది.

మతం మార్చుకున్నవాడికి ఉత్సాహం ఎక్కువ. ఆ మర్నాటినుంచి నేను నంబర్ల పక్షం. పెన్షనర్ల గ్రూపులో 330 మీద వరసగా ఉపన్యాసాలు పెడితే నన్ను మ్యూట్ చేశారని ఒక మిత్రుడు చెప్పాడు, బహుశా తనూ చేశాకే. ఒక పెళ్లిలో అజినమోటోని సమర్థించాను. 1908లో కికునాయె ఇకెదా అనే జపాను రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు చారులోంచి తీసిన రుచే అదనీ, టమాటాలో సహజంగా ఉండే గ్లుటమేట్‌కీ దీనికీ శరీరం తేడా చూడదనీ సాంబారు గరిటె పట్టుకున్న కుర్రాణ్ణి ఆపి మరీ చెప్పాను. నా వెనక ఇరవైమంది విస్తళ్లలో సాంబారు లేకుండా కూర్చున్నారు. తర్వాత కేటరర్ దగ్గరికి వెళ్లి జిలేబీలో వేసిన రంగు పొట్లం చూపించమన్నాను. "మీరు మగపెళ్లివారా, ఆడపెళ్లివారా?" అని అడిగాడు. ఎటూ కాదు, పక్కింటివాళ్లం.

"నంబరుంటే చాలు, కళ్లు మూసుకుని తినొచ్చు" అన్నానొకరోజు ఇంట్లో. మా ఆవిడ పేపర్లు దిద్దుతోంది. తలెత్తకుండానే, "పొటాషియం బ్రోమేట్‌కీ నంబరుంది. 924" అంది.

బ్రెడ్డు మెత్తగా పొంగడానికి పిండిలో వేసేవారు. కాన్సరు తెప్పించే అవకాశం ఉన్నవాటిలో దాన్ని చేర్చారు. బ్రిటన్ 1990లోనే వద్దంది. మనకి 2016 దాకా అనుమతి ఉంది. ఆ ఏడాది ఢిల్లీలో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్‌వాళ్లు 38 నమూనాలు పరీక్షిస్తే 84 శాతంలో బ్రోమేట్ గానీ అయోడేట్ గానీ దొరికింది. మరుసటి నెలలోనే బ్రోమేట్‌ని మన జాబితాలోంచి తీసేశారు. మిఠాయిల్ని తెల్లగా చేసే 171ని, టైటానియం డయాక్సైడ్‌ని, 2022లో యూరప్ వదిలించుకుంది. మన దగ్గర ఇంకా ఉంది. 127, అంటే చెర్రీ ఎరుపు ఎరిత్రోసిన్, 2025 జనవరిలో అమెరికాలో అనుమతి పోగొట్టుకుంది. "అప్పు మంజూరు చేశాక మీ బ్యాంకులో ఫైలు మూసేసి ఇంటికెళ్లిపోయేవారా?" అంది. వెళ్లిపోయేవాళ్లం కాదు. ఏటా తిరగదోడేవాళ్లం. నేను కాఫీలో వేసుకునే తీపిమాత్రలో ఉన్న 951, అస్పర్టేమ్, ఫైలు కూడా 2023లో తిరగదోడారు. కాన్సరుకి కారణం కావచ్చునేమో అనే 2బి గుంపులో పెట్టారు; రోజువారీ హద్దు మాత్రం కిలోకి 40 మిల్లీగ్రాములని అలాగే ఉంచారు. అదే 2బి గుంపులో తూర్పు ఆసియా ఊరగాయలు కూడా ఉన్నాయని చదివి, అవి మన ఆవకాయలు కావని నిర్ధారించుకున్నాకే నిద్రపోయాను.

ఇక మిగిలిన ప్రాయశ్చిత్తం మా అత్తగారికి చేయాలి. ఆవిడ ఏకాదశులుండే మనిషి. సాయంత్రం సీరియల్ చూస్తూ మసాలా చిప్సు నమలడం ఒక్కటే ఆవిడ విలాసం. నా తొలి రోజుల ఆవేశంలో ఆ పాకెట్ మీద 631 చూసి, అది పంది కొవ్వు అని గ్రూపులో వచ్చిన సందేశాన్ని ఆవిడకి గట్టిగా చదివి వినిపించాను. అది డైసోడియం ఇనోసినేట్, రుచి పెంచేది. చేపలనుంచీ మాంసంనుంచీ తీయవచ్చు, పిండిపదార్థాలు పులియబెట్టీ చేయవచ్చు. కాబట్టి చూడవలసింది అంకెని కాదు, పక్కనున్న పచ్చచుక్కని. ఇదంతా సిద్ధం చేసుకుని ఆవిడ దగ్గర కూర్చున్నాను.

"అత్తయ్యగారూ, మీరు ఆ చిప్సు తినొచ్చు. మన దేశంలో శాకాహారమైతే పాకెట్ మీద పచ్చచుక్క పెట్టి తీరాలి."

"ఆ చుక్క పెట్టేదెవరు బాబూ?"

"తయారు చేసినవాళ్లే."

"వాళ్లు అబద్ధమాడితే?"

"ప్రభుత్వం పట్టుకుంటుంది. శిక్ష ఉంది."

"బ్రెడ్డులో మందుంటే అన్నేళ్లూ ఊరుకున్నది ఆ ప్రభుత్వమేనా? మొన్న అమ్మాయి మీకు చెబుతుంటే విన్నాలెండి."

నా దగ్గర జవాబు లేదు. సీరియల్లో ప్రకటనలు వచ్చాయి. ఆవిడ ఒళ్లో ఉన్న స్టీలు గిన్నెలోంచి ఏదో తీసి నోట్లో వేసుకుంది. కరకరమంది.

"మీరేం బెంగపడకండి బాబూ. మీరా అంకె చెప్పినప్పట్నుంచీ నేను పాకెట్టే చూడటం లేదు. అమ్మాయి గిన్నెలో పోసి ఇచ్చేస్తోంది."